శివరాత్రి దాకా గడువు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా అత్తగారు శరణమ్మ కోహీరు నుంచి జహీరాబాదు దాకా కనబడిన వాళ్లందరికీ చెప్పేది. అది అన్యాయం. నా కోపం ముక్కు దాకా ఎక్కదు, నాలుక చివరే కాపురం ఉంటుంది. ఆ నాలుకతోనే ఒకసారి నా కొడుకును పందెంలో ఒడ్డాను.

నేను జహీరాబాదు ఆడపిల్లల బడిలో తెలుగు పంతులమ్మను. హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలిసిన కొత్తల్లో మా బడిలో తెలుగు తరగతులు పెట్టారు, ఆ తెలుగుతో పాటు నన్నూ పెట్టారు. మా ఆయన విరూపాక్ష కోహీరు బస్సుకు కండక్టరు. పెళ్లయి ఏళ్లు గడిచినా మాకు సంతానం లేదు. అప్పుడు న్యాల్‌కల్‌లో మా ఆయనకు వరసకు తమ్ముడయ్యే అతని భార్య కవలల్ని కని కన్నుమూసింది. ఆ మనిషికి సెంటు భూమి లేదు, ఇంట్లో ఆడదిక్కు లేదు. నెల దాటిన పిల్లలిద్దర్నీ ఒకే దుప్పట్లో చుట్టి తెచ్చి, పెద్దమనుషుల ముందు నా ఒళ్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. పిల్లాడికి బస్వరాజ్ అని, పిల్లకు చెన్నమ్మ అని పేర్లు పెట్టాం. ఇంట్లో బస్వడు, చెన్ని.

"ఇద్దరెందుకే, ఒక్కరు సాలరా?" అని వాడకట్టు ఆడవాళ్లు అడిగారు.

"వంకాయలా, ఏరుకోవడానికి?" అన్నాను. నాలుక సంగతి ముందే చెప్పాను కదా.

పొద్దున మా ఇల్లు చూడాలి. బస్వడు పాలగిన్నె తలకు టోపీలా పెట్టుకునేసరికి చెన్ని నా చాక్‌పీసుల డబ్బాలో సగం మింగి ఉండేది. నేను రొట్టెలు కాలుస్తుంటే మా ఆయన ఖాకీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బావి దగ్గర పిల్లల గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేసేవాడు. మగవాడు ఆ పని చేస్తుంటే గల్లీలో నవ్వని వాళ్లు లేరు.

"కండక్టర్ సాబ్, ఏం ఎండేస్తున్నవ్?" అని పక్కింటి ఎంకయ్య అరిచేవాడు.

"రెండు హాఫ్ టికెట్లు. తడిసినయ్," అనేవాడు మా ఆయన నింపాదిగా.

మేమిద్దరం డ్యూటీలకు పోయాక పిల్లల్ని చూసుకోవడానికి ఊరి బయట లంబాడీ తండా నుంచి సీతాబాయి వచ్చేది. అద్దాల రవికె, చేతుల నిండా తెల్ల గాజులు. పిల్లలు ఆ గాజులు పట్టుకునే నిలబడటం నేర్చుకున్నారు. తెలుగు తెలుసు గాని పంతులమ్మ ముందు మాట్లాడాలంటే ఆమెకు బిడియం. సాయంత్రం నా గొడుగు గల్లీ మూల కనబడగానే కొంగు సర్దుకునేది. "తిన్నరు. పండిన్రు. పోత," అని మూడు ముక్కల్లో రోజంతా అప్పజెప్పి, పొద్దు గూకకముందే తండా చేరాలని గబగబా నడిచేది.

పిల్లలు బాగా పెరిగారు. పరుగెత్తారు, గోడలెక్కారు, ఎంకయ్య మేకను తరిమారు. మాటల దగ్గరే వచ్చింది చిక్కు. రెండేళ్లు నిండాయి, వాళ్లిద్దరూ పొద్దస్తమానం ఒకరితో ఒకరు ఏదో గలగలా అనుకోవడమే తప్ప మాకు అర్థమయ్యే మాట ఒక్కటీ లేదు. దొరికిన ముక్కలకు మాకు తోచిన అర్థం మేం చెప్పుకునేవాళ్లం. వాళ్లు "బాటి, బాటి" అని ఏడిస్తే బాట మీదికి తీసుకుపొమ్మంటున్నారని మా ఆయన చెరో చంకలో ఎత్తుకుని రోడ్డంతా తిప్పేవాడు. తిప్పిన కొద్దీ ఎందుకో ఇంకా ఏడ్చేవాళ్లు. ఆయన కనబడితే "బా" అనేవాళ్లు. మా అత్తగారి పుట్టిల్లు బీదర్ వైపు. కన్నడంలో బా అంటే రా అని కదా, ఆ మాట తనే నేర్పానని ఆమె గొప్ప. ఆమెను చూసి "డోక్రి" అంటే టోక్రీ అడుగుతున్నారని వెదురుబుట్ట తెచ్చి ముందు పెట్టేది.

ఇక నేను గొడుగు పట్టుకుని గడప దాటబోతే చాలు, ఇద్దరూ చేతులు చాచి "యాడి! యాడి!" అని గోల. బయటికి పోయేవాళ్లను యాడికి అని అడిగితే పోయిన పని చెడుతుందని మన పెద్దలు అంటారు. మా అత్తగారు ఉన్న రోజైతే నన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి మళ్లీ పంపేది.

"బడికి పోతున్న బిడ్డా, మాపటికొస్త," అని నేను రోజూ జవాబు చెప్పేదాన్ని. వాళ్లు ఆ జవాబుతో ఒక్కనాడూ తృప్తి పడలేదు.

దీపావళికి అత్తగారు కోహీరు నుంచి వచ్చింది. ఆమె పెద్ద కొడుకు సంసారం అక్కడే. మా ఆయన అన్నం తింటున్నాడు. నేను ఒక మోకాలి మీద బస్వణ్ణి, ఇంకో మోకాలి మీద చెన్నిని కూర్చోబెట్టుకుని బడిపిల్లల కాపీలు దిద్దుతున్నాను. ఆమె చాలాసేపు చూసింది.

"రెండేండ్లు దాటినయ్," అంది. "ఎంకయ్య మనుమడు వీళ్లకన్న చిన్నోడు, అమ్మా అమ్మా అని ఇల్లు పీకి పందిరేస్తుండు. వీళ్లు నిన్ను ఒక్కపారన్న అమ్మా అన్నరా?"

"అంటరు తియ్యి అత్తమ్మా, జర ఆగు."

"ఎట్లంటరు? అమ్మ ఇంట్ల ఉంటె గద! బస్వణ్ణి పెద్ద కోడలికియ్యి. దానికి ముగ్గురూ ఆడివిల్లలే. ఇరవై నాలుగ్గంటలు ఇంట్ల ఉంటది, నోరార అమ్మా అనిపిచ్చుకుంటది. నీకు చెన్ని ఉండనే ఉంది."

"పుట్టకముందు నుంచి ఒక్కతాన ఉన్నోళ్లు. ఇప్పుడు ఇడగొడ్తరా?"

"తల్లిని ఎరుగని పిల్లలు యాడున్న ఒకటే."

అంతే. కత్తితో కోసినా అంత బాధ కలగదు. పిల్లలకు జ్వరమొస్తే ఇద్దర్నీ ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తింది నేను, వాళ్ల పళ్లు రాకముందు నా వేళ్లు నమలనిచ్చింది నేను. తల్లిని ఎరగరట. నాలుక చివర కాపురమున్నది లేచి నిలబడింది.

"శివరాత్రి దాక ఆగు," అన్నాను. "గప్పటి దాక ఇద్దరిట్ల ఒక్కరన్న నన్ను అమ్మా అని పిలువకుంటే, నా చేతులతోటి నేనే బస్వణ్ణి నీ ఒళ్లె పెడ్త."

మా ఆయన నోటిదాకా పోయిన ముద్ద అక్కడే ఆగింది. బస్సు నిండా జనాన్ని ఒక్క కేకతో వెనక్కి జరిపే మనిషి, తల్లి ముందు మాత్రం పిల్లి. ఆమె వెళ్లాక మెల్లగా అడిగాడు.

"ఎందుకన్నవ్ మాదేవీ గా మాట?"

"అన్న గద. ఇగ నేర్పిస్త. ఊరందరి పిల్లలకు నేర్పుతలేనా? నువ్వేం ఫికర్ చెయ్యకు."

నేర్పాను. నాకు తెలిసిన విద్యలన్నీ చూపించాను. పలక మీద రాశాను, అద్దం ముందు కూర్చోబెట్టి పెదవులు కలపడం చూపించాను, రాగం తీశాను. ఏదీ పారకపోతే వంటింట్లోంచి బెల్లం డబ్బా తెచ్చాను. ఇంత ముక్క తీసి పైకెత్తి, "అమ్మ అను. అమ్మ," అనేదాన్ని. వాళ్లు బెల్లం వంక చూస్తూ గుటకలు వేసేవాళ్లు. బస్వడు నా గడ్డం పట్టుకుని, ముద్దుగా, "యాడి," అనేవాడు.

"యాడికీ పోను బిడ్డా, ఈడనే ఉన్న. అమ్మ అను."

సంక్రాంతి దాటిన తర్వాత ఒకరోజు చెన్ని డబ్బా వంక చూసి స్పష్టంగా "అమ్మ" అంది. నేను ఎగిరి గంతేశాను. బస్వడూ అన్నాడు. ఇద్దరికీ చెరో ముక్క పెట్టి, గల్లీలో అందరికీ చెప్పుకున్నాను. మా ఆయన ఆ రోజు బస్సులో తెలిసిన వాళ్లందరికీ చెప్పాడట. శివరాత్రి వస్తే అత్తగారి మొహం ఎలా ఉంటుందో తలచుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

శివరాత్రి రానే వచ్చింది. అత్తగారూ వచ్చింది. విభూతి పెట్టుకుని, పూజ ముగించి, ఎంకయ్య భార్యను కూడా సాక్షిగా పిలిచి కూర్చుంది. సీతాబాయి పండుగకు తండాలో ఉండిపోయింది. నేను పట్టుచీర కట్టుకుని, పరీక్షకు పిల్లల్ని తయారుచేసిన పంతులమ్మలా దర్జాగా నిలబడ్డాను.

"బస్వా, చెన్నీ, ఇటు రాండ్రి," అంది అత్తగారు. "మీ అమ్మ ఏది? సూపియ్యుండ్రి."

"అమ్మ! అమ్మ!" అంటూ ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నా గుండె పొంగింది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని, నన్ను దాటుకుని, వంటింట్లోకి పరుగెత్తి, బెల్లం డబ్బాను దొర్లించుకుంటూ తెచ్చి అత్తగారి ముందు పెట్టారు.

ఎంకయ్య భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు నవ్వలేదు. ఆమె నిజంగా నవ్వి ఉంటే నేను పోట్లాడగలిగేదాన్ని. "పాపం," అంది నన్ను చూసి. మూడు నెలలు కష్టపడి నా పిల్లలకు బెల్లం పేరు మార్చాను, అంతే నేను చేసింది.

మర్నాడు పొద్దున బస్సు అడ్డాకు బయలుదేరాం. బస్వడికి కొత్త అంగీ తొడిగి అత్తగారు ఎత్తుకుంది. చెన్ని నా చంకలో ఉంది. మాట ఇచ్చాను, ఇచ్చిన మాట మింగే అలవాటు మా ఇంట్లో లేదు. దారి పొడుగునా కాళ్లు మాత్రం వెనక్కే లాగాయి. మా ఆయన ముందే వచ్చి బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. ఖర్మ చూడండి, పిల్లాడు వెళ్లేది ఆయన బస్సులోనే, ఈల ఊది పంపాల్సింది ఆయనే.

అత్తగారు కిటికీ పక్కన కూర్చుని బస్వణ్ణి ఒళ్లో పెట్టుకుంది. బస్సు ఎక్కడం వాడికి సరదా. ఊచలు పట్టుకుని నాకూ చెన్నికీ చేతులూపాడు. ఇంజను గుర్రుమంది. అప్పుడు వాడికి అర్థమైంది, మేమిద్దరం కింద ఉన్నామని, తానొక్కడే పైన ఉన్నాడని. మొహం ముడుచుకుపోయింది. చేతులు రెండూ ఊచల్లోంచి బయటికి చాచాడు.

"యాడీ!" అని గొంతు చించుకుని అరిచాడు. "యాడీ! యాడీ!"

నా చంకలో చెన్ని కూడా వెక్కుతూ నా మొహం తన వైపు తిప్పుకుని, "యాడి, యాడి," అని నా చెంప మీద కొట్టడం మొదలుపెట్టింది.

"కోహీర్‌కే బిడ్డా," అన్నాను. "యాడికో గాదు. పెద్దమ్మ కాడికే. కోహీర్‌కే."

నా పక్కన కట్టెల మోపు దించుకుని ఒక లంబాడీ ఆమె నిలబడి ఉంది, అదే బస్సు ఎక్కడానికి. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏందమ్మా నువ్వు?" అని గయ్యిమంది. "పిల్లలు గంతగనం మొత్తుకుంట పిలుస్తున్నరు. పలుకకుంట కోహీర్ గీహీర్ అంటవేంది?"

"పిలుస్తున్నరా? ఎవర్ని?"

"ఇంకెవర్ని? నిన్నే. యాడి అంటున్నరు. మా మాటల యాడి అంటే అమ్మ. నీ పిల్లలు మా మాట ఎట్ల నేర్చిన్రో నాకెరుకలేదు గని, అమ్మా అమ్మా అని ఏడుస్తున్నరు. నీకు చెవుల్లేవా?"

ఆ క్షణంలో నాకు బస్సు వినబడలేదు, అడ్డా వినబడలేదు. రోజూ గడప దగ్గర చాచిన నాలుగు చేతులు గుర్తొచ్చాయి. నా గడ్డం పట్టుకుని ముద్దుగా అన్న మాట గుర్తొచ్చింది. అమ్మా, అమ్మా అని వాళ్లు పిలిచిన ప్రతిసారీ, "బడికి" అని జవాబు చెప్పి వెళ్లిపోయాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"ఆపుండ్రి బండి!" అని అరిచాను. నా గొంతు నలభై మంది ఆడపిల్లల్ని ఆపే గొంతు. డ్రైవరు ఇంజను కట్టేశాడు.

బస్సులోకి ఎక్కాను. కట్టెలామె కూడా నా వెనకే ఎక్కి, మా అత్తగారికి ఎదురుగా నిలబడి, బస్వణ్ణి తన భాషలో ఏదో అడిగింది. వాడు ఏడుపు ఆపి, మెట్టు మీద నోట్లో ఈలతో నిలబడ్డ మా ఆయన్ను చూపించి, "బా," అన్నాడు.

"బా అంటే రమ్మని," అంది అత్తగారు. "నేనే నేర్పిన."

"మా మాటల నాయన," అంది కట్టెలామె.

మా ఆయన నోట్లో ఈల జారి కింద పడింది. వంగి తీసుకునే తెలివి కూడా లేకపోయింది ఆ మనిషికి.

"మరి బాటి అంటే?" అని అడిగాడు.

"రొట్టె."

"అయ్యో, ఆకలైతున్నదని ఏడిస్తే రోడ్డు పట్టుకొని తిప్పితినా!" అని తల బాదుకున్నాడు. బస్సంతా ఘొల్లుమంది.

అత్తగారు మాత్రం బిగుసుకుని కూర్చుంది. "అవన్ని నాకెరుకలేదు. అమ్మా అని పిలువాలని పందెం. అమ్మా అనలేదు."

అప్పుడు నా నాలుక చివరి కాపురం మొదటిసారి నాకు పనికొచ్చింది.

"అత్తమ్మా, నీ కొడుకు నిన్నేమని పిలుస్తడు?"

"ఏమని పిలుస్తడు? అవ్వా అంటడు."

"అమ్మా అని ఎన్నడన్న అన్నడా?"

"మా ఇంట్ల అవ్వా అనే అంటరు..." అని ఆగిపోయింది.

"పుట్టినకాడినుంచి ఒక్కపారి గూడ అమ్మా అనలే. మరి నువ్వు ఆయన తల్లివి గావా?"

అత్తగారు కొడుకు వంక చూసింది. మా ఆయన నోరు విప్పాడు. ఆయన తల్లికి ఎదురు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"అవ్వా, నీకు టికెట్ కొడ్త. నా కొడుకుకు మాత్రం కొట్ట. ఆడు నా బస్సుల ఈ ఊరు దాటడు."

అత్తగారు మొండిదే గాని అన్యాయస్థురాలు కాదు. బస్వడి కొత్త అంగీ సర్ది, కళ్లు తుడిచి, రెండు చేతులతో ఎత్తి నాకు అందించింది. "ఓడిన," అంది. "పెద్ద కోడలికి నేను చెప్పుకుంట." వాడు నా మెడను చుట్టుకుని చెన్ని జుట్టు పట్టుకున్నాడు, చెన్ని వాడి చెవి పట్టుకుంది. ఒక్క రోజు కూడా విడిపోని వాళ్లకు అంత సంబరం ఎక్కడిదో.

నేను దిగబోతుంటే అత్తగారు కట్టెలామె చెంగు లాగింది.

"ఓ బాయీ, గట్లనే గీ డోక్రి అంటే ఏందో చెప్పు. నన్ను చూసి అంటుంటరు."

కట్టెలామె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "ముసల్ది అని."

"ఆఁ! నేను బుట్టలు మోసుకొచ్చి ఇస్తిని గద!" అంది అత్తగారు. ఈసారి ముందుగా నవ్వింది ఆమే. మా ఆయన ఈల వెతికి తుడుచుకుని ఊదాడు. ఆ రోజు కోహీరు బస్సు ఆలస్యమైనందుకు ఎవరూ గొణగలేదు.

అడ్డాలో జనం చూస్తున్నా లెక్కచేయకుండా, చెరో చంకలో ఇద్దర్నీ వేసుకుని ఊరి మధ్య నుంచి ఇంటికి నడిచాను. వాళ్లు ఊరికే పిలిచారు, నేను ఊరికే పలికాను. గుడి ముందు ఒకసారి, అంగడిలో ఒకసారి, ఎవరైనా తెలిసినవాళ్లు ఎదురైతే మళ్లీ మళ్లీ పిలిపించుకున్నాను. నాకు పిచ్చిపట్టిందని ఎవరైనా అనుకుని ఉంటే అనుకోనీ.

మర్నాడు సీతాబాయి తండా నుంచి రాగానే జరిగిందంతా చెప్పాను. ఆమె ముందు బెదిరింది, తన మాటలు నేర్పినందుకు కోప్పడతానేమోనని. నేను అడగాలనుకున్నది వేరే.

"రోజంతా ఎత్తుకునేది నువ్వు. తినిపిచ్చేది నువ్వు. నిన్ను పిలువాలె గద ఆ మాటతోటి. నన్నెందుకు పిలుస్తున్నరు?"

"నన్ను గూడ అన్నరమ్మా మొదలు," అంది సీతాబాయి. నా ముందు అంత పొడుగు మాట ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. "నేనే వద్దన్న. నన్ను బాయి అనుమన్న. మాపటికి నువ్వు గల్లీ మూల తిరుగంగనే, ఇద్దరి మొకాలు అటు తిప్పి, అగో యాడి, అగో మీ యాడి వస్తున్నది అని రోజూ చూపిస్తుంటి. చూపియ్యకుంటే వాళ్లకెట్ల ఎరుకైతది?"

ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను, పిల్లలిద్దరూ మా ఇద్దరి మధ్య దూరి ఆమె గాజులు లెక్కబెడుతున్నట్టు తిప్పుతున్నారు.

ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్లాను. ఎందుకు ఆలస్యమైందని పెద్ద పంతులమ్మ గడియారం చూపించి మరీ అడిగింది.

"మా పిల్లలు పిలిచారండీ," అని చెప్పాను.